సాత్వికులెవరు? భూమి ఎవరిది?

మన వాడల చర్చిల్లో ఎక్కువసార్లు వినపడే క్రైస్తవ సద్గుణాలు రెండు. ఒకటి సాత్వికం, రెండోది దీనమనస్సు. న్యాయం గురించి, ధైర్యం గురించి ప్రసంగం ఏడాదికి ఒకసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. తగ్గించుకోవడం గురించి మాత్రం ఆదివారం ఆదివారం ఉంటుంది. ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపాడు, గోదావరి దాటితే దుమ్ముగూడెం, చర్ల, ఎక్కడ చాపేసుకుని కూచున్నా ఇదే మాట. చెప్పేది మాల అయ్యగారు, వినేది మాదిగ కూలీలు, ఆ వెనక కోయ కుటుంబాలు. వీళ్లు ఇంకా ఎంత తగ్గాలి? తగ్గడానికి వీళ్ల దగ్గర ఏం మిగిలింది? ఈ ప్రశ్న వేసినవాణ్ని మన సంఘాల్లో గర్విష్టి అంటారు. అయినా వేయక తప్పదు.

ఈ రెండు గుణాల్నీ బుట్టదాఖలు చేయమని నేను చెప్పడం లేదు. మన నాస్తిక మిత్రులు కొందరు ఆ పని ఎప్పుడో చేసేసి, వాడలో నూటికి తొంభై మంది నమ్మే విషయాన్ని చర్చించాల్సిన బాధ్యత నుంచి తప్పుకున్నారు. అది విమర్శ కాదు, పక్కకు జరగడం. ఈ మాటలు మనదాకా ఏ భాషలో వచ్చాయి, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి, దారిలో ఏం పోగొట్టుకున్నాయి, ఏం అంటించుకున్నాయి అన్నది చూడాలి.

ముందు మాట సంగతి. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో కొండమీది ప్రసంగం ఉంది కదా. అందులో మూడో ధన్యత ఎవరికి చెందుతుందో వాళ్లను తెలుగు బైబిలు ‘సాత్వికులు’ అంది. వాళ్లకు దక్కేదాన్ని ‘భూలోకము’ అంది. ఈ సాత్వికం ఎక్కడి మాట? సత్వ, రజస్, తమోగుణాల లెక్కలోది. భగవద్గీత 17వ అధ్యాయం తిండిని కూడా ఈ మూడు గుణాల కింద పంచింది. చల్లారింది, నిలవది, ఎంగిలిది, అపవిత్రమైంది తామసుల తిండి అంది. 18వ అధ్యాయానికి వచ్చేసరికి నాలుగు వర్ణాల పనుల్ని ఇదే గుణాలకు ముడేసింది. దొరల గడీల్లో వెట్టి చేసి సద్ది, ఎంగిలి మెతుకులు కొంగున కట్టుకుని వచ్చింది ఎవరు? చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చి, ఆ మాంసం ఎండబెట్టుకుని వానాకాలం గడిపింది ఎవరు? ఆ లెక్కన మాల మాదిగలు పుట్టుకతో తామసులు. అట్లాంటి జనం చేతికి బైబిలిచ్చి ‘సాత్వికులు ధన్యులు’ అంటే వాళ్లకు ఏం అర్థమవుతుంది? మన కూర కుండ మార్చుకోవాలని, గొంతు తగ్గించుకోవాలని, అగ్రకులపోళ్ల నడక నేర్చుకోవాలని అర్థమవుతుంది. అట్లాగే అయ్యింది కూడా. క్రైస్తవుడయ్యాక పెద్దకూర మానేశానని సాక్ష్యం చెప్పేవాళ్లు ఇప్పటికీ మనలో ఉన్నారు. బైబిల్లో దానికి ఆధారం లేదు. ఆధారం ఆ ఒక్క విశేషణంలో ఉంది. మిషనరీలు పండితుల్ని పక్కన పెట్టుకుని అనువాదాలు చేశారు. పండితుడు తన గుణాన్ని తెచ్చి యేసు నోట్లో పెట్టాడు.

మత్తయిలోని ఆ మాట కొత్తది కాదన్న సంగతి వేదాంత కళాశాలల్లో చదివినవాళ్లందరికీ తెలుసు. అది 37వ కీర్తన నుంచి వచ్చింది. అదే మాటను తెలుగు బైబిలు కీర్తనల దగ్గర ఎట్లా రాసిందో చూడండి. అక్కడ సాత్వికులు లేరు, ‘దీనులు’ ఉన్నారు. భూలోకం లేదు, ‘భూమి’ ఉంది. ఒకే వాక్యం, ఒకే పుస్తకం. పాత నిబంధనలో దీనుడికి భూమి దక్కితే, కొత్త నిబంధనలో సాత్వికుడికి భూలోకం దక్కింది. భూమి అంటే కొలతలుంటయ్, సర్వే నంబరుంటది, పట్టా ఉంటది. భూలోకం అంటే ఏముంటది? తహసీల్దారు దగ్గరికి పోయి నా వాటా భూలోకం ఇప్పించండని అడిగేదెట్లా?

హీబ్రూలో ఆ మాట ‘అనావీం’. అణగదొక్కబడినవాళ్లు, నేలకు వంగిపోయినవాళ్లు అని దాని మూలార్థం. అది స్వభావాన్ని చెప్పే మాటగా మొదలవలేదు, స్థితిని చెప్పే మాటగా మొదలైంది. 37వ కీర్తన మొత్తం భూమి తగాదానే. దుర్మార్గులు కత్తి దూసి పేదవాణ్ని పడగొట్టాలని చూస్తున్నారు, అప్పు తీసుకుని ఎగ్గొడుతున్నారు. అట్లాంటి చోట భూమి స్వాధీనం అవుతుందన్న మాట ఒకే కీర్తనలో ఐదు సార్లు వస్తుంది. కోపం మానుకోమని ఆ కీర్తన అంటుంది, కాదనను. కానీ భూమి మీద ఆశ మానుకోమని ఎక్కడా అనదు. మన ప్రసంగాల్లో మొదటిది ఉంది, రెండోది జారిపోయింది.

గ్రీకు మాట ‘ప్రాయుస్’ సంగతి కూడా ఇట్లాంటిదే. ఆ గుణం గురించి అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో రాశాడు. కోపం హద్దు మీరకుండా ఉండటమే కాదు, కోపం రావాల్సిన చోట రాకపోవడం కూడా లోపమేనన్నాడు. తనకు, తనవాళ్లకు జరిగిన అవమానాన్ని మింగి ఊరుకోవడం బానిస లక్షణం అన్నాడు. బానిసత్వాన్ని సమర్థించిన మనిషే ఈ మాట అనడంలో ఉన్న విడ్డూరం సంగతి అట్లా ఉంచండి. మెతకతనం వేరు, సౌమ్యం వేరు అన్నది రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు చదివినవాడికి తెలిసిన తేడా. అది తెలుగులోకి రాలేదు.

‘దీన’ అన్న మాటతో ఇంకో ఇబ్బంది. తెలుగులో దీనుడంటే వినయం గలవాడా, దిక్కులేనివాడా? రెండూ. సద్గుణానికీ దరిద్రానికీ ఒకే పేరు పెట్టుకున్నాక దరిద్రం కూడా సద్గుణంలా కనిపించడం మొదలవుతుంది. నిజాం ఇలాకాలో వెట్టివాడు చెప్పులు చేతిలో పట్టుకుని, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ‘నీ బాంచెను దొరా’ అంటూ నిలబడ్డాడు. అది వినయమా? వంగకపోతే వీపు పగిలేచోట వంగడాన్ని ఏ మతమూ గుణం కింద రాయకూడదు. వంగకుండా ఉండగలిగినవాడు వంగితేనే గుణం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు చెప్పేదీ ఇదే. అక్కడ తగ్గించుకున్నది దేవుని స్వరూపంలో ఉన్నవాడు. అది పైనుంచి కిందికి దిగడం. గడీలో ఉన్నవాడికి అది ఆజ్ఞ అవుతుంది. గడీ వాకిట్లో ఉన్నవాడికి అది ఆజ్ఞ కానే కాదు, అతని రోజువారీ బతుకు. ఆ పత్రికను దొరకు చదివి వినిపించాల్సింది పోయి వెట్టివాడికి చదివి వినిపించారు.

ఈ అడవి అంచుకు సువార్త వచ్చిన తీరు గమనించండి. 1860 ప్రాంతంలో గోదావరిలో పడవలు పైదాకా నడపడానికి ఆనకట్టలు, కాలువలు తవ్వుతూ ఇంజనీర్లు దుమ్ముగూడెంలో దిగారు. వాళ్లలో హేగ్ అనే సైనిక ఇంజనీరు పూనికతో కోయల మధ్య మిషన్ పని మొదలైంది. చర్చి మిషనరీ సొసైటీ దాన్ని చేపట్టింది. పడవల పథకం 1870ల మొదట్లో మూలబడింది, మిషన్ మాత్రం ఉండిపోయింది. జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడ ఏళ్ల తరబడి ఉండి భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. 1909లో థర్‌స్టన్ వేసిన కులాలు, తెగల సంపుటాల్లో కోయల గురించి ఉన్నదాంట్లో చాలాభాగం కెయిన్ పెట్టిన భిక్షే.

అదే కాలంలో ఇంకో కథ నడిచింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు కిందికి మార్చారు. అంతకు ముందు పోడు కొట్టుకోవడానికి గొడ్డలికి నాలుగణాలు కడితే సరిపోయేది. మద్రాసు సర్కారు దాన్ని మూడింతలు చేసింది, కొన్ని అడవుల్ని మూసేసింది. 1879లో కల్లు పన్ను మీద రంపలో రేగిన తిరుగుబాటు ఊరికే రేకపల్లికి పాకలేదు. సౌమ్యులని, అమాయకులని ముద్రపడ్డ ఆ జనమే పోలీసు ఠాణాల మీదికి పోయారు. అమాయకత్వం గురించి రాసినవాళ్లు గొడ్డలి పన్ను గురించి కూడా అంతే శ్రద్ధగా రాసి ఉంటే, కోయల సాత్వికం ఎందుకు ఎప్పుడు మాయమైందో మనకు ఇంకొంచెం తెలిసేది.

అడవి మనిషిని సాత్వికుడిగా చూసే చూపు మిషన్ ఒక్కదానిదే అనుకుంటే పొరపాటు. దుమ్ముగూడెం మండలంలోనే పర్ణశాల ఉంది. కాస్త కింద కూనవరం దగ్గర శబరి నది గోదావరిలో కలుస్తుంది. పళ్లు కొరికి రుచి చూసి రాముడికి పెట్టిన శబరి ఈ నేల మీద హిందూ పురాణం నిలబెట్టిన సాత్వికురాలు. భద్రాచలం స్థలపురాణంలో పోకల దమ్మక్క ఉంది. పుట్టలో విగ్రహాలు చూసింది ఆమె, పందిరి వేసింది ఆమె, తాటిపండు నైవేద్యం పెట్టింది ఆమె. గుడి కట్టింది మాత్రం పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న. పాట ఆయనది, పేరు ఆయనది. దమ్మక్కకు ఏడాదికొక యాత్ర. ఇంకో విశేషం చూడండి. గోపన్న తనను రామదాసు అనుకున్నాడు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తిన్నాక రాముణ్ని నిలదీసి, ఎత్తిపొడిచి, డబ్బు లెక్కలు అప్పజెప్పి మరీ తిట్టాడు. తహసీల్దారు దాసుడైతే దేవుణ్ని తిట్టే హక్కుతో సహా దాసుడవుతాడు. దాసీ అని ఊరు పిలిచిన ఆడమనిషికి ఆ హక్కు ఏ భక్తి మార్గంలో ఉంది?

తెలుగు క్రైస్తవ కీర్తన కూడా ఈ దాస్యభక్తి బాణీలోనే పెరిగింది. ఆ కీర్తనలకు ఆద్యుల్లో ఒకడైన పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. తన పాపం, తన నీచత్వం గురించి ఆయన ఏడవడంలో నిజాయితీ ఉంది, ఎందుకంటే ఆయన వదులుకోవాల్సిన ఎత్తు ఒకటి ఉంది. అదే పల్లవిని నాట్లేసి వచ్చిన మాదిగామె పాడితే, ఊరంతా వారమంతా ఆమెను అన్నమాటే ఆదివారం ఆమె తనను తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. అంబేద్కర్ క్రైస్తవంలోకి పోయిన అంటరానివాళ్ల గురించి రాస్తూ పట్టుకున్నది ఈ నరాన్నే. నీ బాధకు కారణం నీ పాపమని నేర్పితే మనిషి తన చుట్టూ ఉన్న వ్యవస్థను ప్రశ్నించడం మానేస్తాడన్నాడు. మన బిషప్పులకు ఆ వ్యాసం చదివే తీరిక ఉండాలి.

అట్లాగని మిషన్ మొత్తం వంగడమే నేర్పిందంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. ఈ ప్రాంతమంతా తరవాత దోర్నకల్ అధ్యక్ష మండలంలోకి వచ్చింది. దాని మొదటి బిషప్ వి.ఎస్. అజరయ్య, తిరునల్వేలి నాడార్ కుటుంబం బిడ్డ. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి నిలబడి తెల్ల మిషనరీల మొహం మీదే చెప్పాడు. మీరు త్యాగాలు చేశారు, డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ మమ్మల్ని మీ బల్ల దగ్గర స్నేహితులుగా కూచోబెట్టుకోలేదని ఆ మాటల సారాంశం. సభలో చాలామందికి మింగుడు పడలేదు. అజరయ్య సౌమ్యుడని ఎరిగినవాళ్లంతా రాశారు. ఆ సౌమ్యుడు చేసిన పని ఇది. మన ప్రసంగీకులు ఆయన వినయాన్ని చెబుతారు, ఎడిన్‌బరోను చెప్పరు.

ఆయన కింద దోర్నకల్‌లో మాల మాదిగలు వేల సంఖ్యలో సంఘంలో చేరారు. 1930లకు వచ్చేసరికి వాళ్లలో వచ్చిన మార్పు చూసి కొన్ని శూద్ర కులాలవాళ్లు కూడా బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. 1933లో పికెట్ అచ్చువేసిన సామూహిక ఉద్యమాల అధ్యయనం ఇట్లాంటి మార్పుల్ని గొప్పగా లెక్కగట్టింది. తాగుడు మానేశారు, తగాదాలు తగ్గాయి, శుభ్రం వచ్చింది. సంతోషమే. కానీ ఒక్కటి గమనించాలి. దళితుడి సౌమ్యానికి విలువ కట్టే తరాజు ఎప్పుడూ ఊరివాడి చేతిలోనే ఉంది. ఊరు మెచ్చిన మాల మంచి క్రైస్తవుడయ్యాడు. ఊరు మెచ్చనివాడు ఏమయ్యాడో ఆ పుస్తకాల్లో లేదు.

చెంప దెబ్బ సంగతికి వద్దాం. రెండో చెంప చూపించమన్న మాట మనకు కంఠస్థం. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ప్రధానయాజకుడి బంట్రోతు యేసును నిజంగానే కొట్టాడు. అప్పుడు యేసు ఏం చేశాడు? రెండో చెంప చూపించలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేంటో చెప్పు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. అపొస్తలుల కార్యాలు 16లో ఫిలిప్పీ అధికారులు పౌలును విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. తెల్లారి చప్పుడు చేయకుండా వెళ్లిపొమ్మన్నారు. పౌలు కదల్లేదు. బహిరంగంగా కొట్టించినవాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు, వచ్చేదాకా జైల్లోనే ఉన్నాడు. కేసు రాజీ చేసుకోమని పెద్దమనుషులు వాడకొచ్చిన రోజున చదవాల్సిన అధ్యాయం ఇది. ఆ రోజున చదివేది మాత్రం పేతురు పత్రికలో దాసులకు చెప్పిన మాటలు.

1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే నీళ్లను పాడు చేయడాన్ని అడ్డుకున్న గొడవలో, తన మీదికి వచ్చినవాళ్లకు ఎదురుగా చేతిలో బిందె ఎత్తిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ బిందె ఎత్తడాన్ని దళిత ఉద్యమం ఆత్మగౌరవం అంది. చర్చి దానికి ఇప్పటిదాకా పేరు పెట్టలేదు. సౌమ్యం పోగొట్టుకున్న క్షణమా అది? నా లెక్కలో ఎందుకు కొట్టావని యేసు అడిగిన ప్రశ్నకు తెలుగు అనువాదం అది. ఈ అనువాదానికి పండితుడి సాయం అవసరం పడలేదు.

ఆడవాళ్ల విషయంలో ఈ సద్గుణం రెండింతల బరువు. పాస్టరమ్మ నెమ్మదిగా ఉండాలి, బైబిలు స్త్రీ నెమ్మదిగా ఉండాలి, తాగొచ్చిన మొగుడి దగ్గర విశ్వాసురాలు నెమ్మదిగా ఉండాలి. ఊళ్లు తిరిగి, పురుళ్లు చూసి, చదువు చెప్పి సంఘాల్ని నిలబెట్టిన ఆడవాళ్ల చేతుల్లో ఉన్న మెత్తదనం వేరు. అది నైపుణ్యం, ఏళ్ల తరబడి నేర్చుకున్న పని. దాన్ని నోరెత్తకపోవడంతో కలిపి కట్టేయడం మగ సంఘాల తెలివి.

దళిత వేదాంతం ఈ చిక్కును విప్పిందా? 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ఉపన్యాసంతో మొదలైన ఆ ఆలోచన, క్రీస్తే దళితుడని ధైర్యంగా చెప్పింది. అది పెద్ద ముందడుగు. అయితే యెషయా చెప్పిన బాధపడే సేవకుణ్ని దళితుడికి అద్దంగా పట్టినప్పుడు ఒక ప్రమాదం ఉంది. మోసేవాడికి మోయడమే మహిమ అని వినపడే అవకాశం ఉంది. పుస్తకంలో నిర్మల్ ఉద్దేశం అది కాదు. ప్రసంగ వేదిక మీదికి చేరేసరికి అయ్యేది అదే.

ఇంక భూమి. అడవి అంచున ఈ మాట ఊరికే తేలదు, ఇక్కడ కథ మైదానంలో ఉన్నంత సూటిగా లేదు. ఒకే చాప మీద కూచున్న కోయ క్రైస్తవుడు, మాల క్రైస్తవుడు చట్టం ముందు ఒకటి కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ షెడ్యూల్డ్ కులం కాకుండా పోతాడు, బి.సి.–సి అవుతాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవుడికి లేదు. కోయ మతం మారినా షెడ్యూల్డ్ తెగగానే ఉంటాడు. దాన్ని కూడా ఊడబెరకాలని ‘డీలిస్టింగ్’ పేరుతో కొన్నేళ్లుగా ప్రచారం నడుస్తోంది. భూమి దగ్గర కూడా తేడా ఉంది. 1959 నిబంధనల్ని గట్టిపరిచిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతికి భూమి పోకుండా కాపలా కాస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడుకు హక్కిస్తుంది. కానీ గిరిజనేతరుడైతే 2005 డిసెంబరు 13కు ముందు 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు చేసుకోవాలి. మూడు తరాల కాగితం ఏ మాదిగ ఇంట్లో ఉంటుంది?

ఇక్కడే మనవాళ్లు కొందరు తూలుతున్నారు. వన్ ఆఫ్ సెవెంటీ దళితులకు కూడా శత్రువేనని, దాన్ని ఎత్తేయాలని వాదిస్తున్నారు. ఈ వాదనతో నేను ఏకీభవించను. ఆ తలుపు తెరిస్తే ముందుగా లోపలికొచ్చేది మైదానం కమ్మ, రెడ్డి పెట్టుబడి, మాదిగ కాదు. భూమి లేని దళితుడికి భూమి సర్కారు ఇవ్వాలి, కోయవాడి చేలోంచి కాదు. ఈ మాట దళిత పత్రికలో దళితుడే చెప్పాలి.

సౌమ్యం అన్న గుణానికి మన దగ్గర అసలు పరీక్ష ఎక్కడ ఉంది? దొర ముందు కాదు. కోయల ముందు. మిషన్ కాలం నుంచీ ఉపదేశులుగా, మాస్టర్లుగా కోయ పల్లెలకు పోయినవాళ్లలో మన మాలలు ఉన్నారు. అక్కడ మనం కాస్త ఎత్తు మీద నిలబడ్డాం. ‘కోయోళ్లకు ఏం తెలుసు’ అన్న మాట మన నోటి నుంచే వచ్చింది. 2005 తరవాత సల్వాజుడుం తరిమితే దంతెవాడ వైపు నుంచి వచ్చి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లో గుడిసెలేసుకున్న గుత్తికోయల విషయంలో మన సంఘాల మాట ఇంకా మోటుగా ఉంది. సుప్రీంకోర్టు 2011లో సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమంది, వాళ్లు మాత్రం అటూ ఇటూ కాకుండా మిగిలారు. వాళ్ల గుడిసెలు పీకినప్పుడు మనం ఏం అన్నాం? ఫిలిప్పీ పత్రిక మనకు వర్తించే చోటు ఇది. కోయ భాష నేర్చుకోకుండా తెలుగు పాటే నేర్పడం, కోయ పెద్దను సంఘ కమిటీలో వెనక కూచోబెట్టడం, ఇవన్నీ దిగి రావాల్సిన మెట్లు. కోయ భాషలోకి సువార్తను తీసుకుపోయేవాళ్లు మన సాత్వికాన్ని మాత్రం మూటగట్టుకుని పోవద్దు.

సంఖ్యాకాండం 12వ అధ్యాయంలో భూమి మీద అందరికంటే సాత్వికుడని ఒకణ్ని పేరు పెట్టి చెప్పారు. ఆయన మోషే. వెట్టి చేయించుకుంటున్న ఫరో ముందు నిలబడి నా జనాన్ని వదులు అన్నవాడు. హీబ్రూలో అక్కడా అదే మాట. ఆ వాక్యం ఏ సందర్భంలో వస్తుందో చూడండి. మోషే కూషు దేశపు స్త్రీని, మన భాషలో చెప్పాలంటే పరాయి జాతి నల్లపిల్లను, పెళ్లి చేసుకున్నాడని సొంత అక్క, అన్న నోరు పారేసుకున్నారు. మోషే పెళ్లి వదులుకోలేదు. తనను ఆడిపోసుకున్న అక్కకు కుష్ఠు వస్తే ఆమె కోసం మొరపెట్టాడు. మాల సంఘం, మాదిగ సంఘం వేరు వేరుగా ఆరాధించుకునే ఊళ్లలో, కోయ పిల్లను చేసుకున్న మాల కుర్రాణ్ని ఏడాది పాటు బల్ల నుంచి వెలేసే చోట, మూడో వచనం ఒక్కటే చదివి మొదటి వచనం దాటేస్తున్నారు. పెళ్లి ప్రకటనలు వినిపించి అభ్యంతరాలుంటే చెప్పమని అడిగే ఆదివారాల్లో ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదవమని దోర్నకల్, ఖమ్మం, దుమ్ముగూడెం పాస్టరేట్లకు యువజన సంఘాలు రాతపూర్వకంగా అడగొచ్చు.